ఎందుకమ్మ నెత్తుటి చదువు

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, అది బడి హాజరుపట్టీలోనూ, పెద్దయ్యాక ఉద్యోగం కార్డు మీదా తప్ప ఎక్కడా పనికి రాలేదు. మాటలొచ్చిన మర్నాటి నుంచీ ఆ పిల్ల నోట్లోంచి ఊడిపడేది ఒకటే మాట: ఎందుకు? వాళ్ళమ్మ విసిగి వేసారి ఒకరోజు ‘ఎందుకమ్మా, ఇలా రా’ అని పిలిచింది. పక్కింటివాళ్ళు విన్నారు. ఇంకేముంది, వీధి వీధంతా అదే పట్టుకుంది. నలభై ఏళ్ళ తర్వాత, కేన్సర్ పరిశోధనశాలలో ఆమె గది తలుపు మీద ఎవరో కొంటెవాళ్ళు ఆ పేరే పెద్దక్షరాలతో రాసి అంటించిపోయారు. ఆమె పీకలేదు సరికదా, ఓ మూల ఊడుతుంటే టేపు తెచ్చి మరీ అతికించుకుంది.

వాళ్ళమ్మది అద్దకం పని. ముందు గది కొట్టు, వెనక పెరడంతా రంగు తొట్లు, పైన తీగల మీద ఆరుతున్న గుడ్డలు. అమ్మ చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవి. పొద్దున నీలం చేతులతో జడ వేసి, సాయంత్రం ఎర్ర చేతులతో వీపు మీద ఒక్కటిచ్చేది.

“అమ్మా, రంగు గుడ్డకి అంటుకుంటుంది కదా, తొట్టికి ఎందుకు అంటుకోదు?”

“దానికి గుడ్డంటే ఇష్టం.”

“ఎందుకిష్టం?”

“నిన్నెందుకు కన్నానో నాకే తెలీదు. రంగుల ఇష్టాలు నన్నడుగుతావేం? పో, బళ్ళో అడుగు.”

బళ్ళో అడిగింది. వాళ్ళు పై తరగతిలో చెప్తామన్నారు. పై తరగతిలో కాలేజీలో చెప్తారన్నారు. అలా ఒక ప్రశ్న వెంటబడి పోతూ పోతూ రసాయనశాస్త్రం చదివేసింది. చదువయ్యాక ఊళ్ళో పెద్దాసుపత్రిలో, రక్తపరీక్షల విభాగంలో ఉద్యోగమొచ్చింది.

మొదటి రోజే ఆమెకి గాజుపలక మీద నెత్తురు చుక్క పరిచి రంగులెయ్యడం నేర్పారు. వేసి, కడిగి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, గులాబీరంగు బిళ్ళల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఊదారంగు కణాలు పూసల్లా మెరిశాయి. దాన్ని ఫొటో తీసి ఇంటికి పట్టుకెళ్ళింది.

అమ్మ ఫొటోని వెలుతురుకి పెట్టి చూసింది. “ఊదా బాగా పట్టింది. ఎవరేశారు?”

“నేనే.”

“అయితే నా కడుపున పుట్టినదానివే. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది.”

ఆ విభాగానికి పెద్ద ఒక ముసలి డాక్టరు. కంచు గొంతు. ఆయన గుసగుసలాడితే పక్క గదిలో సీసాలు గల్లుమనేవి. అందరూ ఆయన్ని పెద్దాయన అనేవారు. ఎదురుగా నిలబడాలంటే జంకేవారు. ఎందుకమ్మకి మాత్రం భయం లేదు, ఆయన దగ్గర జవాబులున్నాయని తెలిశాక అసలే లేదు.

ఒకరోజు పెద్దాయన ఆమెని పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. “అమ్మాయ్, ఇది ఒక మనిషి ఎముక లోపలి మూలుగ. ఏం కనిపిస్తోంది?”

ఎందుకమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది, అద్దం తుడిచింది. “ఏమీ కనిపించడం లేదు సార్.”

“సరిగ్గా చెప్పావు. అదే జబ్బు.”

మూలుగంటే నెత్తురు పండే పొలం. ఎర్రకణాలూ తెల్లకణాలూ అక్కడే మొలకెత్తి ఒంట్లోకి వస్తాయి. ఈ మనిషి మూలుగ కోతలైపోయిన పొలంలా బోడిగా ఉంది. పోస్టాఫీసులో పనిచేసే ఒక పడుచమ్మాయిది అది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పళ్ళు తోముకుంటే నెత్తురు.

“ఎందుకిలా అయింది సార్?”

“మన నెత్తుట్లోనే కాపలా కణాలుంటాయి. బయటినుంచి వచ్చే రోగాల్ని తరిమెయ్యడం వాటి పని. ఈ పిల్ల ఒంట్లో అవి దారితప్పి సొంత మూలుగ మీదే పడ్డాయి. కంచే చేను మేసింది.”

“ఎందుకు మేసింది?”

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అది తెలిసినవాడు ఈ భూమ్మీద ఇంకా లేడమ్మాయ్. నీకంత సరదాగా ఉంటే వెతుక్కో.”

ఆయన మామూలుగానే అన్నారు. ఆమె నిజంగానే పట్టుకుంది.

పోస్టాఫీసు అమ్మాయికి కాపలా కణాల్ని జోకొట్టే మందులిచ్చారు. వాటి ఆగడం తగ్గితే పొలం మళ్ళీ మొలకేస్తుందని ఆశ. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి. ఎందుకమ్మ ఆ అమ్మాయి నెత్తుటి చుక్కని వచ్చినప్పుడల్లా తనే పరిచి, తనే రంగేసి చూసేది. ఒకరోజు ఒక కొత్త కణం కనిపించింది. తర్వాత నాలుగు. తర్వాత లెక్కపెట్టడం మానేసింది. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి స్వయంగా మెట్లెక్కి మూడో అంతస్తులోని ల్యాబుకి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

“లిఫ్టు పాడైందా?” అని కంగారుపడింది ఎందుకమ్మ.

“లిఫ్టు బాగానే ఉందండీ. ఎక్కగలనో లేదో చూసుకుందామని ఎక్కాను.”

ఇద్దరూ అక్కడే, సీసాల మధ్యే పట్టుకుని గెంతారు. పెద్దాయన తలుపు దగ్గరికొచ్చి, ‘ఇది ల్యాబా, పెళ్ళిపందిరా’ అని గద్దించారు గానీ మీసాల కింద నవ్వు దాగలేదు. ఆ ఏడే ఎందుకమ్మ ఆయన దగ్గర పరిశోధనలో చేరింది.

ఆ పరిశోధనకి రోగులిచ్చిన నెత్తురు చిన్న చిన్న గొట్టాల్లో పోసి డీప్ ఫ్రీజర్లో దాచాలి. ఫ్రీజరేమో పెద్దాయన కన్నా రెండాకులు ఎక్కువ చదివిన ముసలిది. వారానికోసారి మూలిగేది, పదిరోజులకోసారి మొరాయించేది. అది బాగుచెయ్యడానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. పొడుగ్గా, నెమ్మదిగా, పనిముట్ల పెట్టె పక్కన పెట్టుకుని నేలమీద చతికిలబడి పనిచేసుకునేవాడు. ఎందుకమ్మ పక్కన నిలబడి ప్రశ్నలేసేది. ఈ గొట్టం ఎందుకు, ఆ చప్పుడెందుకు, ఇక్కడ మంచెందుకు పట్టింది? ఆమె ప్రశ్నలు మొదలెడితే మిగతావాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేవారు. ఇతను పోలేదు. చేతులాపకుండా, విసుక్కోకుండా, ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. తెలియనిచోట తెలియదన్నాడు.

ఆ తర్వాత ఫ్రీజర్ బాగానే పనిచేసింది. అదే ఎందుకమ్మకి వచ్చిన చిక్కు. పదిరోజులు ఓపికపట్టి, చప్పుడొస్తోందని కబురుపెట్టింది. అతనొచ్చి చెవి ఆనించి విన్నాడు.

“చప్పుడేం లేదండీ.”

“ఇందాక వచ్చింది. మీరొచ్చారని ఆగిపోయినట్టుంది.”

“అలాగాండీ,” అని గంభీరంగా తలూపి, లేని చప్పుడుకి ఒక స్క్రూ బిగించి వెళ్ళాడు. మరో వారానికి, ఎవరూ పిలవకుండానే వచ్చాడు. ఇటు పోతూ పోతూ ఫ్రీజరెలా ఉందో చూద్దామనిపించిందట.

“ఫ్రీజర్ నిక్షేపంలా ఉంది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకండీ? చూద్దామని వచ్చింది ఫ్రీజర్నా, నన్నా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “మిమ్మల్నేనండీ.”

“ఎందుకు?”

“ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం మీ అమ్మగారి ముందు జవాబు చెప్తానండీ.”

చెప్పాడు కూడా. వాళ్ళమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, చొక్కా మీద గ్రీజు మరక దగ్గర ఆగింది. “ఆ మరక వదలదు నాయనా. ఇలా విప్పివ్వు, ముదురు నీలం వేస్తాను, కనబడదు.” కొట్టుకొచ్చిన గిరాకీని కూడా ఆమె అంత ఆదరంగా పలకరించింది లేదు. పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా వాళ్ళిద్దరూ ‘మెకానిక్ గారూ’, ‘డాక్టరు గారూ’ అనే పిలుచుకునేవారు. మొదట్లో వేళాకోళానికి, తర్వాత అలవాటుకి. ఒక కూతురు పుట్టింది. ఆ పిల్ల ఏం చెప్పినా ‘సరే’ అనేది. ‘ఇది ఎవరి పోలికే?’ అని అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది.

పదేళ్ళకు పైగా ఎందుకమ్మ పని కాపలా కణాల్ని నిద్రపుచ్చడమే. ఏ మందు ఎంత వేస్తే అవి నెమ్మదిస్తాయి, ఎప్పుడు ఆపితే మళ్ళీ లేస్తాయి, ఇదే లోకం. అందులో ఆమెకి మంచి పేరొచ్చింది. ఉన్నచోట ఉంటే పోయేది. కానీ నెత్తుటి జబ్బుల వార్డులో ఒక మంచం మీద పొలం ఎండిపోయినవాళ్ళుంటే, పక్క మంచం మీద రక్తకేన్సర్ వాళ్ళుండేవారు. ఒకరోజు ఆ రెండు మంచాల మధ్య నిలబడి ఆమె పెద్దాయనని అడిగింది.

“సార్, ఈయన ఒంట్లో కాపలావాళ్ళు సొంత పంటనే తినేస్తున్నారు. ఆ పక్కాయన ఒంట్లో దొంగ నట్టింట్లో తిరుగుతుంటే కళ్ళప్పగించి చూస్తున్నారు. అవే కణాలు కదా, ఎందుకిలా?”

“కేన్సర్ కణం బయటిది కాదుగా అమ్మాయ్, మన ఒంట్లో పుట్టిందే. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. కాపలా కణమెంత?”

“ఈశ్వరుడికి ఆనవాలు ఎవరూ చెప్పుండరు సార్. మనం చెప్తే?”

అప్పటికే లోకంలో కొందరు ఆ దారిన పోతున్నారు. రోగి నెత్తుట్లోంచి కాపలా కణాల్ని బయటికి తీసి, కేన్సర్ కణం ఆనవాలు పట్టే జన్యువును వాటిలోకి ఎక్కించి, పెంచి, మళ్ళీ అదే మనిషి ఒంట్లోకి వదలడం. ఎందుకమ్మ ఆ పని నేర్చుకుంది. మధ్యవయసులో మళ్ళీ బడికెళ్ళినట్టు, తనకన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంది. ఈలోగా పెద్దాయన రిటైరై, తోటలో మొక్కల మీద కేకలేసుకుంటూ హాయిగా ఉన్నారు.

ఈ పని కోసం ఆమె చేరిన కేన్సర్ ల్యాబులో ఎదురు బల్ల ఒకాయనది. చేతిలో పనిమంతుడే, నోట్లోంచి మాత్రం ఒకటే మాట. కొత్త ఉపాయం చెప్తే ‘కుదరదు’. పాత ఉపాయం చెప్తే ‘అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు’. కిటికీ తెరుద్దామా అన్నా అదే. అందరూ ఆయన్ని కుదరదుగారు అనేవారు. ఎందుకమ్మ ఎదురుగా కుదరదుగారు! వాళ్ళిద్దరి మాటలూ వినడానికి పై అంతస్తువాళ్ళు టీ కప్పులు పట్టుకుని కిందికొచ్చేవారు.

కణాలకి ఆనవాలు పట్టడమైతే వచ్చింది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మొదటి రోజు పులుల్లా కేన్సర్ కణాల మీద పడ్డవి, వారం తిరిగేసరికి పిల్లుల్లా ముడుచుకుపోయేవి. దొంగ కళ్ళముందే ఉన్నా కదిలేవి కావు. అలిసిపోయేవి. బలం మందులు వేశారు, తిండి మార్చారు, ఇంకా పదునైన ఆనవాలు ఎక్కించారు. పదును పెంచినకొద్దీ ఇంకా తొందరగా చతికిలబడ్డాయి. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక సభలో ఈ సంగతులన్నీ చెప్పి కూర్చుంటే, ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి లేచి, “అమ్మా, సగం జీవితం ఈ కణాల్ని జోకొట్టావు, మిగతా సగం ఉసిగొల్పుతున్నావు. పాపం వాటికే తోచక పడుకున్నాయేమో!” అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా ఎందుకమ్మే నవ్వింది, ఎందుకంటే హాస్యం నిజంగానే బాగుంది.

ఇంటికొచ్చాక మాత్రం ముఖం వేలాడేసుకుంది. మెకానిక్ గారు అడిగాడు, “మానేద్దామనుకుంటున్నారా డాక్టరు గారూ?”

“మానేస్తే ఎందుకు అలిసిపోతున్నాయో తెలీకుండా పోతుంది కదండీ.”

“అయితే ఇంకేం, టీ తాగండి.”

తర్వాతి నెలలో ల్యాబుకి రావలసిన దాతల నెత్తురు సమయానికి రాలేదు. పని ఆపడమెందుకని, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న ఫ్రీజర్లో పాత రోజుల్లో దాచిన గొట్టాలు కొన్ని తీసి వాటిలోని కాపలా కణాలకే ఆనవాలు ఎక్కించింది. వారం తిరిగింది. కణాలు పెంచే గాజుపళ్ళేల్లో దాదాపు అన్నిటా ఎప్పటిలాగే పిల్లులు పడుకున్నాయి. రెండు పళ్ళేల్లో మాత్రం ఇంకా పులులే! పదో రోజుకీ పులులే. ఎందుకమ్మ తను ఏదో పొరపాటు చేశాననుకుంది. మళ్ళీ మొదట్నుంచి చేసింది. మళ్ళీ అవే రెండు. ఎవరివీ అని చూస్తే, రెండూ మూలుగ ఎండిపోయినవాళ్ళవి. వాళ్ళలో చాలామందివి ఆ ఫ్రీజర్లో ఉన్నాయి, మరి ఈ రెండే ఎందుకు? కూర్చుని పాత వివరాలన్నీ తిరగేస్తే తేలింది: ఆ రెండూ, రోగులు జోకొట్టే మందు వాడుతున్న రోజుల్లో తీసిన నెత్తురు.

ఆమె కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. విశ్రాంతిలో ఉన్న కణాలు! తను ఇన్నేళ్ళూ వాటిని తయారుచేసేటప్పుడే రెచ్చగొట్టి రెచ్చగొట్టి, యుద్ధానికి పోకముందే అలిసిపోయేలా చేస్తోంది. ముందు కొన్నాళ్ళు మందేసి పడుకోబెట్టి, తర్వాత మందు కడిగేసి వదిలితే?

“కుదరదండీ,” అన్నారు కుదరదుగారు వింటూనే. “పొయ్యి రాజేసే ముందు కట్టెల మీద నీళ్ళు చల్లుతానంటారేమిటి?”

“ఎందుకు కుదరదు?”

“ఎక్కడైనా కుదిరిందా?”

“అయితే మీ చేత్తో మీరే చేసి, కుదరదని నా మొహాన కొట్టండి.”

ఆయన పౌరుషంగా చొక్కా చేతులు మడిచారు. పనికి దిగాక ఆయన నిప్పు. మందు ఆయనే కొలిచారు, కణాలు ఆయనే పెంచారు, ఎందుకమ్మని బల్ల దరిదాపులకి రానివ్వలేదు. ఒకసారి చేసి ఏమీ చెప్పలేదు. రెండోసారి చేసి ఏమీ చెప్పలేదు. మూడోసారి ఇంకో ల్యాబువాళ్ళ చేత చేయించారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ పనిలో ఉండగా, ఆయన లేచి నిలబడి మెడ గోక్కున్నారు, నీళ్ళు నమిలారు, కిటికీ వంక చూశారు.

“కుదిరిందండీ,” అన్నారు.

ఎవరో చేతిలో సీసా జారవిడిచారు. ఆయన నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగి ఎవరూ వినలేదు. ఎందుకమ్మ పరుగెత్తుకెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. “మళ్ళీ అనండీ!”

“మళ్ళీ అడిగితే కుదరదు,” అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

పళ్ళెంలో కుదిరింది. ఎలకల్లో కుదిరింది. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. నాలుగు వైపుల నుంచీ పెద్దలు వచ్చి కాగితాలు చూసి, మూసి, మళ్ళీ తెరిచి, సరేనన్నాక, ఒక రోగి సిద్ధమైంది. స్కూలు బస్సు నడిపే ఆవిడ. మనవలున్న మనిషి. రక్తకేన్సర్ వాడిన మందులన్నిటికీ తగ్గినట్టే తగ్గి తిరిగొచ్చింది. అన్ని కాగితాల మీదా సంతకం పెట్టేముందు ఆవిడ ఒకటే పట్టుపట్టింది: “నా ఒంట్లోకి పంపేవి ఎవరు తయారుచేశారో నేను చూడొద్దూ? పిల్లల్ని బస్సెక్కించే ముందు వాళ్ళమ్మలు నన్ను నూరు ప్రశ్నలేస్తారు.”

మైక్రోస్కోపు వెనక జీవితం గడిపిన ఎందుకమ్మకి రోగి మంచం పక్కన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డ్రైవరమ్మ ఆమెని ఎగాదిగా చూసింది.

“నువ్వేనా? ఇంకా లావుగా ఉంటావనుకున్నాను. నా కణాలకి నువ్వు చదువు చెప్పావటగా, బాగా చదువుకున్నాయా?”

“బాగానే చదువుకున్నాయండీ. కొన్నాళ్ళు పడుకోబెట్టి మరీ లేపాం.”

“నయమవుతుందా?”

“తెలీదండీ. ఎలకల్లో కుదిరింది. ఈ పద్ధతిలో మనుషుల్లో మీరే మొదలు.”

“అంటే ఎలక తర్వాత నేనే అన్నమాట.”

“అవునండీ,” అంది ఎందుకమ్మ.

డ్రైవరమ్మ పకపకా నవ్వింది. “పోన్లే, ఉన్నమాటన్నావు. బ్రేకు పడుతుందో లేదో తెలీనప్పుడు పడుతుందని చెప్పే మెకానిక్ అంటే నాకు ఒళ్ళుమంట. ఎక్కించెయ్యి.”

“మెకానిక్కులు కూడా మంచివాళ్ళుంటారండీ,” అంది ఎందుకమ్మ అప్రయత్నంగా.

ఎక్కించింది చిన్న సంచీడు. కాసేపట్లోనే ఖాళీ అయింది. “ఇంతేనా? ఇంత హడావిడి చేసి, మా బుల్లి మనవరాలి పాలసీసాడు కూడా లేదు,” అంది డ్రైవరమ్మ.

కొద్దిరోజులకి జ్వరం పట్టుకుంది. అది వస్తుందని డాక్టర్లకి తెలుసు. కాపలా కణాలు పోరు మొదలెడితే ఒళ్ళు కాలిపోతుంది. తెలిసినా సరే, థర్మామీటరు ఎక్కుతుంటే ఎందుకమ్మ ల్యాబు వదిలి వార్డు చుట్టూ తిరిగింది. డ్రైవరమ్మ మగతలో కేకలేస్తోంది. “కిటికీలోంచి చేతులు లోపల పెట్టండి! ఒరేయ్ వెనకసీటు, నిన్నే!” వార్డు డాక్టర్లు జ్వరాన్ని అదుపు చేసే మందులిచ్చారు. ఎందుకమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుంది. పని మానుకుని మెకానిక్ గారు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పెళ్ళయ్యాక అతను అంత భయపడింది అదే మొదలు.

రెండు రోజులు అలా గడిచాక జ్వరం జారింది. డ్రైవరమ్మ కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, “పిల్లలందర్నీ దింపేశానా?” అని అడిగింది.

“అందర్నీ దింపేశారండీ,” అంది నర్సు.

నెల తిరిగాక మూలుగ తీసి పరీక్షకి పంపారు. గాజుపలకకి రంగు ఎందుకమ్మే వేసింది. ఎక్కడ చూసినా మంచి కణాలే, మొలకెత్తుతూ, పండుతూ. చెడ్డది ఒక్కటి కనిపించలేదు. తన కళ్ళని తను నమ్మలేక కుదరదుగారిని కూర్చోబెట్టింది. ఆయన చూశారు. పలకని జరిపి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని చూశారు. వెనక పదిమంది గుమిగూడారు. ఆయన మాత్రం బియ్యంలో రాళ్ళేరినట్టు ఓ మూల నుంచి ఇంకో మూలకి వెతుకుతూనే ఉన్నారు.

“ఏమండీ, చంపకండి, చెప్పండి!”

“లేదండీ. ఎక్కడా లేదు,” అన్నారాయన తలెత్తకుండానే. “నేనింకాసేపు చూస్తాను. ఎంత బాగుందో.”

తర్వాత ఎంతోమందికి అదే పద్ధతిలో వైద్యం జరిగింది. చాలామంది కోలుకున్నారు. అందరూ కోలుకోలేదు. ఒక పడుచు వడ్రంగి, మందు బాగా పనిచేసిందని సంతోషించేలోపే జబ్బు ఆనవాలు మార్చుకుని తిరిగి రావడంతో పోయాడు. ఆ రోజు ఎందుకమ్మ మెకానిక్ గారి వ్యాన్లో కూర్చుని, కరువుతీరా ఏడ్చింది. మర్నాడు ల్యాబుకెళ్ళి, ఆనవాలు మార్చుకునే దొంగని పట్టడానికి రెండు ఆనవాళ్ళు ఎక్కిస్తే ఎలా ఉంటుందని అడిగింది. కుదరదుగారు నోరు తెరిచి, ఏమనుకున్నారో, మూసుకుని, చొక్కా చేతులు మడిచారు.

డ్రైవరమ్మ పరీక్షల మీద పరీక్షలు నెగ్గి, ఏడాది పైన అయ్యాక మళ్ళీ బస్సు తాళాలు చేతబట్టింది. బడి సెలవుల ఆఖరి రోజున ల్యాబు ముందుకొచ్చి గట్టిగా హారన్ కొట్టింది. అందరూ కిటికీల్లోంచి తొంగిచూశారు.

“ఎక్కండి! ఎప్పుడు చూసినా ఆ గొట్టాల్లో తలలు దూర్చుకునుంటారు, కాస్త ఎండ తగలనియ్యండి.”

ఎక్కారు. ఇళ్ళల్లోవాళ్ళని కూడా ఎక్కించుకున్నారు. ఎందుకమ్మ వాళ్ళమ్మ డెబ్భైల్లో పడ్డా ముందు సీటు కావాలంది. ఆ రోజు ఆమె చేతులు ఆకుపచ్చగా ఉన్నాయి. ‘సరే’ అనే కూతురు ఆమె పక్కన సర్దుకుంది. పెద్దాయన చేతికర్రతో వచ్చి, వెనక సీట్లోంచి ఒక్క దగ్గు దగ్గితే అద్దాలు అదిరాయి. బస్సు ఊరు దాటి, పొలాలు దాటి, ఏటి ఒడ్డుకి చేరింది. అమ్మ, డ్రైవరమ్మ దారిపొడుగునా పోట్లాడుకున్నారు.

“ఈ పసుపు ఏం పసుపమ్మా, వెలిసిపోయింది. నా దగ్గరికి తెచ్చుంటే...”

“బస్సుని తొట్లో ముంచుతావా పెద్దమ్మా?”

“తొట్టి పెద్దది చేయిస్తాలే.”

ఏట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, తెచ్చుకున్నవి తిన్నారు, బంతాట ఆడారు. పిల్లల జట్టు మీద శాస్త్రవేత్తల జట్టు చిత్తుగా ఓడిపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఒక గుట్ట దగ్గర ఆగి మొరాయించింది. మెకానిక్ గారు దిగాడు. “ఇది ఫ్రీజర్ కాదుగా, వస్తుందాండీ?” అని ఎందుకమ్మ కూడా దిగి పక్కన నిలబడి, ఆ పైపెందుకు, ఈ తీగెందుకని మొదలెట్టింది. అతను చేతులాపకుండా జవాబులు చెప్పాడు. బండి కదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. కుదరదుగారిని పాడమంటే కుదరదన్నారు, అన్నాక పాడారు. శ్రుతి ఒక దారి, ఆయన ఒక దారి. అయినా ఊరొచ్చేదాకా ఎవరూ ఆపమనలేదు, సగం మంది గొంతు కలిపారు కూడా.

బస్సు ల్యాబు ముందాగాక కూడా ఎవరికీ దిగబుద్ధి కాలేదు. ఎందుకమ్మ తల వాళ్ళమ్మ భుజం మీద ఉంది. డ్రైవరమ్మ అద్దంలోంచి అందర్నీ ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

“దిగండి దిగండి. సెలవులైపోయాయి. పొద్దున్నే నాకు పిల్లలున్నారు.”